పెంటమ్మ గంట

అశోక్ నగర్ సందుల్లో మధ్యాహ్నం రెండయిందని తెలుసుకోవడానికి గడియారం చూడనక్కర్లేదు. ప్రహ్లాద్ గారి అమ్మాయిల హాస్టల్ వంటింట్లోంచి ఠంగుమని చప్పుడు వస్తుంది. స్టీలు పళ్ళెం మీద గంటెతో కొట్టిన దెబ్బ అది. దాని వెనకే పక్క హాస్టల్లోంచి ఇంకోటి, ఎదుటి సందులోంచి మరోటి. రెండు మూడు నిమిషాల్లో ఆ మోత చిక్కడపల్లి దాకా పాకుతుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు తలెత్తి "పెంటమ్మ గంటయింది" అనుకుని మళ్ళీ పుస్తకంలో తల దూరుస్తారు. నిన్నగాక మొన్న బస్సు దిగిన కొత్త పిల్ల ఎవరైనా, కొట్టింది గంటెతో కదా, గంట అంటారేమిటని అడిగిందా, ఇక అంతే సంగతులు. కూర్చోబెట్టి కథ మొత్తం చెప్పేదాకా వదలరు.

కథ జనగామ దిక్కు ఒక చిన్న ఊళ్ళో మొదలైంది. పెంటమ్మ కంటే ముందు పుట్టిన ముగ్గురు పిల్లలూ నెల తిరక్కుండానే పోయారు. నాలుగోది పుట్టగానే నాయనమ్మ పిల్లను తీసుకుపోయి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, "ఇది మా పిల్ల గాదు, ఎవరో పారేసి పోయిన్రు" అని నలుగురికీ వినపడేట్టు చెప్పి, మళ్ళీ ఎత్తుకొచ్చుకుంది. చావును ఏమార్చడానికి అదొక ఉపాయం. చావు నిజంగానే ఏమారింది. పిల్ల బతికింది, బతకడమేమిటి, వాడకట్టంతా వినపడే గొంతుతో బతికింది. పేరు మాత్రం పెంటమ్మ అని నిలిచిపోయింది. సిగ్గుపడ్డావా ఎప్పుడైనా అంటే, "ఎందుకు సిగ్గు? పెంట మీద ఏసినా లేచొచ్చినదాన్ని, ఇంకెక్కడేస్తే మాత్రం ఏమైతది?" అంటుంది.

ఇరవై రెండేళ్ళప్పుడు మొగుడు కనకయ్యతో కాచిగూడ స్టేషన్లో రైలు దిగింది. చేతిలో ఒక సంచీ, నెత్తిన ఒక మూట. కనకయ్య చదువుకున్నవాడు. నారాయణగూడలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే పనిలో కుదిరాడు. తర్వాత కంప్యూటర్లొచ్చి ఆ అక్షరాలన్నీ తూకానికి పోయాక అదే ప్రెస్సులో శుభలేఖల పనికి మారాడు. ఈమె ప్రహ్లాద్ గారి హాస్టల్లో వంటకు చేరింది. మూడంతస్తులు, తొంభై మంది అమ్మాయిలు.

ప్రహ్లాద్ చెడ్డవాడేం కాదు, ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. రోగమొస్తే ఆటో పిలిపించి దవాఖానకు పంపుతాడు, పండగకు చీర పెడతాడు. కానీ వంటమనిషి కూర్చుని కనపడిందా, ఏదో ఒక పని చెప్పి లేపేదాకా ఊరుకోడు. ఆయన భార్య మనోరమ పేరుకే ఓనరమ్మ. హాస్టల్ పెట్టిన రోజు నుంచీ ఆమె చేయి పడని కూర లేదు, ఆమె ఉప్పు చూడని పప్పు లేదు. వంటవాళ్ళతో ఎక్కువ మాట్లాడేది కాదు. పొయ్యి పక్కన తన పని తను చేసుకుంటూ ఉండేది.

పొద్దున నాలుగింటికి పొయ్యి ముట్టిస్తే రాత్రి పిల్లల భోజనాలయ్యేదాకా నిలబడుడే. ఇడ్లీలవ్వగానే అన్నం, అన్నమవ్వగానే చారు, చారు దించకముందే చపాతీల పిండి. పెంటమ్మకు కాళ్ళు వాచిపోయేవి. ఆమె పక్కన పనిచేసే దమయంతి అనే పిల్లకైతే పాతికేళ్ళు కూడా లేవు, నరాలు ఉబ్బి పాదాలు నీలంగా మారాయి. ఆ పాదాలు చూసి ఒకరోజు పెంటమ్మకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళ కిందటి మాట. చేతిలో గంటె చేతిలోనే ఉంది, సరాసరి ఆఫీసు గదిలోకి పోయి నిలబడింది.

"సార్, మాకు రోజుకొక గంట గావాలె."

"గంటెనా? మొన్ననే గదా రెండు కొత్తయి తెప్పించిన," అన్నాడు ప్రహ్లాద్, పేపర్లోంచి తలెత్తకుండా.

"గంటె గాదు సార్, గంట. అరవై నిమిషాలు. పగటి పూట."

అప్పుడు తలెత్తాడు. "గంటసేపు ఏం జేస్తరు?"

"కూసుంటం."

"కూసొని?"

"కూసొని ఇగ కూసునుడే సార్. అదే పని."

ప్రహ్లాద్ పకపకా నవ్వి పొమ్మన్నాడు. పెంటమ్మ ఇంటికి పోయి కనకయ్యకు చెప్పింది. కనకయ్య ఆదివారం పూట చిక్కడపల్లి లైబ్రరీకి పోయి, నాలుగు పుస్తకాలు తిరగేసి, దుకాణాల్లో పనిచేసేవాళ్ళ చట్టం పట్టుకున్నాడు. ఐదు గంటలు పనిచేయిస్తే ఒక గంట విశ్రాంతి ఇచ్చి తీరాలని అందులో ఉంది. రాసుకోవడానికి కాగితం లేక, జేబులో ఉన్న మిగిలిపోయిన శుభలేఖ వెనక రాసుకొచ్చాడు. పెంటమ్మ దాన్ని అట్లాగే తీసుకుపోయి ప్రహ్లాద్ చేతిలో పెట్టింది. ఆయన శ్రీరస్తు శుభమస్తు చూసి, "ఎవరి పెండ్లే?" అన్నాడు సంతోషంగా.

"మా గంటకు పెండ్లి సార్. ఎనకకు తిప్పి సదువుండ్రి."

చదివాడు. మొహం కందగడ్డలా అయింది. "గిసొంటియి చట్టంల వంద ఉంటయి," అని శుభలేఖ సొరుగులో పడేశాడు.

మర్నాడు సరిగ్గా రెండింటికి పెంటమ్మ ఒక పళ్ళెం తీసుకుని దాని మీద గంటెతో ఠంగున కొట్టింది. గంటె కింద పెట్టింది. పెరట్లోకి పోయి, కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. దమయంతి వణుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. పొయ్యి మీద చారు పొంగి పోయింది. ప్రహ్లాద్ వచ్చి అరిచాడు. పెంటమ్మ కాళ్ళు ఇంకాస్త చాపుకుంది. మూడవగానే లేచి, కొంగు దులుపుకుని, పనిలో పడింది. రెండో రోజూ అదే తంతు. మూడో రోజు పక్క హాస్టల్లోంచి కూడా పళ్ళెం మోగింది. ఐదో రోజున హాస్టల్ అమ్మాయిలే కిందికి దిగి తమ కంచాలు తామే మోగించారు. పదకొండో రోజున ప్రహ్లాద్ చెవుల్లో వేళ్ళు పెట్టుకుని వచ్చాడు. "తీసుకోండ్రి తల్లీ మీ గంట! గా లొల్లి మాత్రం బంద్ జెయ్యుండ్రి."

గంట తీసుకున్నారు. లొల్లి మాత్రం బంద్ కాలేదు. ఎందుకంటే గంట వచ్చినా, ముందు ఎవరు కూర్చోవాలి? పొయ్యి మీద పులుసు మరుగుతుంటే, వార్డెను ఎదురుగా నిలబడి చూస్తుంటే, ఒక్కర్తే గంటె కింద పెట్టడానికి ఎవరికీ దమ్ము చాలదు. పళ్ళెం మోగితే మాత్రం ముప్పై హాస్టళ్ళలో చేతులన్నీ ఒక్కసారే ఆగుతాయి. అప్పుడు ఎవరిని ఏమంటారు?

అట్లా పుట్టింది వంట కార్మికుల సంఘం. సంఘానికి జెండా లేదు, గంటె ఉంది. ఇక పెంటమ్మ పోరాటాలంటారా, అన్నీ ఒకటే తీరు. ఆఫీసుకు పోతుంది, అర్జీ ఇస్తుంది, కూర్చుంటుంది. అరవదు, తిట్టదు. పని అయ్యేదాకా రోజూ రెండింటి నుంచి మూడింటి దాకా కూర్చుంటుంది. నల్లా నీళ్ళకు నాలుగు రోజులు కూర్చుంది. వీధి దీపానికి రెండే రోజులు పట్టింది, అప్పటికే ఆ ఆఫీసులో ఆమెను చూడగానే ఫైలు వెతకడం మొదలుపెట్టేవారు. అన్నిటికంటే పెద్ద గెలుపు ఆ గది. అశోక్ నగర్ మార్కెట్ వెనక కార్పొరేషన్ వాళ్ళు చీపుర్లు పెట్టుకుని తాళమేసిన గది ఒకటి ఉండేది. తొమ్మిది రోజులు కూర్చుని దాని తాళంచెవి తెచ్చింది. రెండు చాపలు, ఒక ఫ్యాను, ఒక నీళ్ళ కుండ. రెండయిందంటే హాస్టళ్ళ ఆడవాళ్ళంతా అక్కడికే వస్తారు. ఒకామె నడుం వాలుస్తుంది, ఒకామె కూతురికి ఫోన్ చేసుకుంటుంది. గ్రూప్స్ పరీక్షలకు చదివే నవనీత అనే అమ్మాయి వచ్చి ఇష్టమున్నవాళ్ళకు అక్షరాలు నేర్పుతుంది. పెంటమ్మ యాభై ఏళ్ళు దాటాక తన పేరు రాయడం అక్కడే నేర్చుకుంది. మ వత్తు దగ్గర ఇప్పటికీ తడబడుతుంది.

ఆ గదికి ఏటా కార్పొరేటర్ సంతకంతో ఉత్తరం ఉండాలి. ఇన్నేళ్ళూ ఉన్న కార్పొరేటర్లు ఆమె వచ్చి కూర్చుంటుందన్న భయానికి సంతకం పెట్టేవారు. ఈసారి ఎన్నికలొచ్చేసరికి ప్రహ్లాదే ఒక పెద్ద పార్టీ టికెట్ తెచ్చుకున్నాడు. గెలిస్తే ఆ గది కూలగొట్టి హాస్టళ్ళ బండ్లకు పార్కింగ్ కట్టిస్తానని హాస్టల్ ఓనర్లకు మాటిచ్చాడు. "గంట ఎక్కడికి పోతది? మీ మీ వంటిండ్లల్లనే కూసోండ్రి," అన్నాడు దమయంతితో, పెద్ద మనసుతో చెప్పినట్టు.

వంటింట్లో కూర్చుంటే ఏమవుతుందో పెంటమ్మకు తెలుసు. జర గీ ఉల్లిగడ్డలు గొయ్యి, జర గా బియ్యం ఏరు, ఊకెనే కూసున్నవు గదా. గది పోతే గంట పోయినట్టే.

"అక్కా, ఇన్నొద్దులు సంతకం పెట్టెటోళ్ళ ముందట కూసున్నవు. ఈసారి గా సంతకం పెట్టే కుర్సీలనే కూసోరాదు?" అంది నవనీత.

పెంటమ్మ మొదట నవ్వింది. తర్వాత ఆలోచించింది. ఆ తర్వాత హాస్టల్లో సెలవు పెట్టి నామినేషన్ వేయడానికి బయల్దేరింది. పనిచేసే హాస్టల్ ఓనరు మీదే పోటీ. చిక్కడపల్లి మొత్తం ముక్కున వేలేసుకుంది.

ఎన్నికల ఆఫీసులో ఫారాలు నింపేది సుందరరావు. కాకినాడ వైపు మనిషి, బదిలీ మీద వచ్చి ఏడాదవుతోంది. మర్యాదస్తుడు.

"పేరు చెప్పండమ్మా."

"పెంటమ్మ."

సుందరరావు కలం ఆగింది. "అంటే... అలాగే రాసెయ్యమంటారాండి?"

"రాయి బిడ్డా, నాకే లేని సిగ్గు నీకెందుకు?"

పాపం, అతని చెవులు ఎర్రబడ్డాయి. తలొంచుకునే మిగతావి అడిగాడు. ఇండిపెండెంట్లకు ఇచ్చే గుర్తుల బొమ్మలు గోడ మీద వరసగా అంటించి ఉన్నాయి. అందులో గంటెను చూడగానే పెంటమ్మ ప్రాణం లేచొచ్చింది. తన కోసమే పెట్టారనుకుంది.

"గుర్తు ఏది కావాలండి?"

"గంటె."

"గంటేనా అండి?"

"ఆ, గంటెనే."

సుందరరావు రాసుకున్నాడు. పెంటమ్మ మ వత్తు దగ్గర ఆగి, చూసుకుని, సంతకం పెట్టి వచ్చేసింది.

కనకయ్యకు తొందరెక్కువ. ఆ సాయంత్రమే ప్రెస్సులో కూర్చుని నాలుగు వందల పోస్టర్లు వేయించేశాడు. మధ్యలో పెద్ద గంటె బొమ్మ, కింద బండక్షరాలతో "మన గుర్తు గంటె". శుభలేఖల ప్రెస్సు కాబట్టి చుట్టూ మామిడాకుల అంచు కూడా పడింది.

వారానికి జాబితా వచ్చింది. నవనీత చదివి, మళ్ళీ చదివి, ఏడుపు మొహంతో ఫోన్ చేసింది. పెంటమ్మ పేరు ఎదురుగా ఉన్నది గంటె కాదు. గుళ్ళో వేలాడే గంట.

పెంటమ్మ పరుగున ఆఫీసుకు పోయింది. "గంటె అంటే గంట రాసినవేందయ్యా? గా బొమ్మ, గా పొడుగు కాడ ఉన్నది, గదీ!"

సుందరరావు గోడ వైపు చూసి నిలువునా నీరైపోయాడు. "అయ్యో, దాన్ని మేం గరిటె అంటామమ్మా! గంటె అనే మాట నేను పుట్టాక వినలేదు. గంటే కావాలని మీరు నొక్కి చెబుతున్నారనుకున్నానండి!"

జాబితా అచ్చయిపోయింది, ఇక మార్చడానికి లేదు. అతను కళ్ళనీళ్ళ పర్యంతమయ్యేసరికి పెంటమ్మే టీ తెప్పించి తాగించింది. కానీ ఇంటికి వచ్చేటప్పుడు ఆమె గుండె జారిపోయి ఉంది. ఇరవై ఏళ్ళుగా వీధి వీధికీ తెలిసిన గంటె అది. ఇప్పుడు పూజారిలాగా గంట పట్టుకుని ఎవరి ఇంటికి పోవాలి?

గదిలో ఆడవాళ్ళంతా ఉసూరుమంటూ కూర్చున్నారు. ఉన్నట్టుండి దమయంతి నవ్వడం మొదలుపెట్టింది. ఆపితే ఆగదే!

"ఏందే, పిచ్చి లేసిందా?"

"అక్కా, మనం కొట్లాడింది దేనికోసమే? గంట కోసం గాదా? గంటెతోటి కొట్లాడి గంట దెచ్చుకున్నం. గా ఆంధ్రా సారు మనకు గంటెకు బదులు గంట ఇచ్చిండు, తప్పేమున్నది?"

పెంటమ్మ ఫక్కున నవ్వింది, ఆ వెంటే గదంతా నవ్వింది. పోస్టర్ల కట్ట ఒళ్ళో పెట్టుకుని దిగాలుగా కూర్చున్న కనకయ్య చటుక్కున లేచాడు. ముప్పై ఏళ్ళు అక్షరాలతో బతికిన మనిషి. "ఎత్వం గీకేసి తలకట్టు పెడితే గంటె గంట అయిపాయె! ఒక్క గీత పని!" అన్నాడు. హాస్టల్ అమ్మాయిలు నాలుగు వందల పోస్టర్ల మీదా గీతలు దిద్దారు. గంటె బొమ్మను చెరపలేదు, దాని కొసన ఒక గంట గీశారు. కింద నవనీత తన గుండ్రటి దస్తూరీతో రాసింది: గంటెతో గంట కొట్టుండ్రి.

చదువుకునే పిల్లల ఓట్లన్నీ వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో ఉన్నాయి, వాళ్ళ జిందాబాద్‌లు బ్యాలెట్ పెట్టెలో పడవు. వంటవాళ్ళ ఓట్లు మూడు వందల చిల్లర. అందుకని పెంటమ్మ నారాయణగూడ అపార్టుమెంట్లకు, చిక్కడపల్లి పాత ఇళ్ళకు బయల్దేరింది. ఉపన్యాసం లేదు, మేళం లేదు. తలుపు తీసిన ఆమెను ఒక్కటే అడిగేది: "బిడ్డా, పొద్దట్నుంచి ఒక్కసారన్న కూసున్నవా?"

ఆ ప్రశ్నకు ఆడవాళ్ళు ముందు నవ్వేవారు. తర్వాత ఆలోచనలో పడేవారు. కొందరైతే కొంగుతో చెయ్యి తుడుచుకుని అక్కడే మెట్ల మీద ఆమె పక్కన కూర్చునేవారు. బట్టల దుకాణాల్లో పొద్దస్తమానం నిలబడి చీరలు పరిచే అమ్మాయిలకైతే ప్రశ్న పూర్తిగా అడగనక్కర్లేకపోయింది.

ప్రహ్లాద్‌కు గుబులు పుట్టింది. పోలింగ్‌కు మూడు రోజుల ముందు ఎన్నికల ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాడు. పెంటమ్మ గుర్తు గంట కాబట్టి, రోజూ రెండింటికి మోగించే ఆ పళ్ళాలు ప్రచారమేనన్నాడు. అధికారులు ఔనన్నారు. పోలింగ్ రోజున ఆమె గానీ ఆమె మనుషులు గానీ చప్పుడు చేస్తే కేసు, గెలిచినా ఆ గెలుపు నిలవదు. ఇటు ఓనర్లకు ఇంకో మాట చెప్పాడు. ఆ రోజు పిల్లలకు సెలవు కదా, స్పెషల్ పెట్టండి. బగారా అన్నం, రెండు కూరలు, డబుల్ కా మీఠా. వడ్డన సాయంత్రం దాకా సాగాలి.

పాచిక మామూలుది కాదు. పొద్దున టిఫిన్ల హడావిడి, సాయంత్రం దాకా వడ్డన. వంటవాళ్ళకు ఓటేసే వీలున్నది ఆ రెండు నుంచి మూడు మధ్యనే. పళ్ళెం మోగకపోతే ముందు గంటె కింద పెట్టేదెవరు? అయినా పెంటమ్మ ముప్పై వంటిళ్ళకూ కబురు పంపింది. "చప్పుడు జేసిండ్రా, నా మీద ఒట్టే. మీరే టైము జూసుకొని రాండ్రి." దమయంతికి మరీ మరీ చెప్పింది. ఆమె ఉన్నది ప్రహ్లాద్ వంటింట్లోనే మరి.

పోలింగ్ రోజు రానే వచ్చింది. పెంటమ్మ పోలింగ్ కేంద్రం బయట, సున్నపు గీతకు ఇవతల, టీ కొట్టు బల్ల మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇళ్ళల్లోంచి జనం వచ్చి ఓట్లేసి పోతున్నారు. వంటవాళ్ళు ఒక్కరూ లేరు. ఒంటిగంటన్నర అయింది. రెండయింది.

సందులన్నీ మూగగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళలో అట్లాంటి రెండు గంటల వేళ పెంటమ్మ ఎరగదు. కనకయ్య గడియారం చూసుకుని తల తిప్పుకున్నాడు. రెండూ రెండయింది. రెండూ నాలుగయింది. ఒక్కరు రాలేదు. పెంటమ్మకు ఏడుపొచ్చింది. ముప్పై వంటిళ్ళలో ముప్పై మంది గంటె పట్టుకుని, పక్కింట్లో ఎవరు కూర్చుంటారా అని చెవులొగ్గి నిలబడి ఉంటారని ఆమెకు తెలుసు.

"గది పాయె కనకయ్యా," అంది.

ఠంగ్.

పెంటమ్మ లేచి నిలబడింది. ఇంకోసారి ఠంగుమంది, ఈసారి ఇంకా గట్టిగా. ఆ పళ్ళెం చప్పుడు ఆమెకు తెలియంది కాదు. అది ప్రహ్లాద్ వంటింటి పళ్ళెమే.

సందులోంచి మొదట ముగ్గురొచ్చారు. తర్వాత పది మంది. తర్వాత చూడాలి సంబరం! పసుపు చేతులతో, పొయ్యి సెగకు కందిన మొహాలతో, కొంగులు బిగించుకుని, గుంపులు గుంపులుగా ఆడవాళ్ళు. ఒకామె చేతిలో గంటె అట్లాగే ఉండిపోయింది, పోలీసు దాన్ని గుమ్మం దగ్గర పెట్టించాడు. లైను సందు మలుపు దాకా పోయింది.

ప్రహ్లాద్ ఊగిపోతూ వచ్చాడు. ఆ రోజు అక్కడ డ్యూటీలో ఉన్నది సుందరరావే. "కేసు రాయండి! చప్పుడు వినలేదా?"

సుందరరావు కళ్ళజోడు సర్దుకున్నాడు. "విన్నానండి. అభ్యర్థిగారు నా కళ్ళెదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. చప్పుడు తమరి హాస్టల్లోంచి వచ్చింది. కేసు ఎవరి మీద రాయమంటారు?"

లైనులో నవ్వలేక చచ్చారు. పెంటమ్మ మాత్రం నవ్వలేదు. ఎంత చెప్పినా వినలేదే ఈ దమయంతి, అని లోపల పీకుతూనే ఉంది.

ఓట్లు లెక్కపెట్టారు. పెంటమ్మ అరవై మూడు ఓట్లతో గెలిచింది. కనకయ్య నారాయణగూడ నడిరోడ్డు మీద ఎగిరాడు, అరవై ఏళ్ళ మనిషి. మర్నాడు రెండింటికి గదిలో లడ్డూలు పంచుతున్నారు. అప్పుడే గుమ్మంలో ప్రహ్లాద్ కనపడ్డాడు. చేతిలో కాగితం ఉంది.

"ముబారక్ పెంటమ్మా. కానీ జర ఆగు. మీ సంఘం మనిషి నా వంటింట్ల గంట కొట్టింది. కోర్టుకు పోతున్న. దమయంతి పేరు రాసిన. దాని నౌకరీ పాయె, నీ ఎన్నిక గూడ పాయె."

గదిలో లడ్డూలు చేతుల్లోనే ఆగిపోయాయి. పెంటమ్మ దమయంతి వైపు తిరిగింది. "నిజం జెప్పు. నువ్వు కొట్టినవా?"

"నీ మీద ఒట్టు అక్కా, నేను కొట్టలే."

"మరెవరు కొట్టిన్రే?"

దమయంతి నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా తలొంచుకుని నిలబడింది.

"గా పిల్లనేమడుగుతరు? నేను జెప్పొద్దన్న."

అందరూ తిరిగి చూశారు. ప్రహ్లాద్ వెనక మనోరమ నిలబడి ఉంది. చెప్పులు గుమ్మం బయట విడిచింది, గదిలోకి అడుగుపెట్టింది. అన్నేళ్ళలో ఆమె ఆ గదికి రావడం అదే మొదటిసారి.

"కొట్టింది నేను. కాయిదంల నా పేరు రాస్కోండ్రి."

ప్రహ్లాద్ నోరెళ్ళబెట్టాడు. "నువ్వా? నీకేం పుట్టిందే? నీ మొగనికే ఎదురు..."

"ఇరవై ఏండ్లసంది రెండు గొట్టంగనే వీళ్ళంత గిక్కడికి వస్తరు. వంటిల్లు ఖాళీ అయితది. అప్పుడు నేను గూడ గంటె కింద బెట్టి, పీటేసుకొని కూసుంటున్న. మీకెరుక లేదు. ఎవ్వరికీ ఎరుక లేదు. రోజు మొత్తంల నేను కూసునేది గా ఒక్క గంటనే." ఆమె ఒకడుగు ముందుకేసింది. "మీరు గెలిస్తే వాళ్ళ గంటే గాదు, నాది గూడ పోతుండె. మొన్న రెండు దాటింది. ఎవ్వరూ కొడుతలేరు. నాకు భయమైంది. తీసి కొట్టిన."

ప్రహ్లాద్ కాగితం వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. కోర్టులో ఆ పేరు ఎట్లా చదివిస్తాడు? కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

పెంటమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇరవై ఏళ్ళు ఒకే పొయ్యి పక్కన నిలబడి, ఈమెను ఒక్కసారి కూడా రమ్మని పిలవలేదే అని గుండె కలుక్కుమంది. "జరుగుండ్రే, జర జాగ ఇయ్యుండ్రి అమ్మకు," అంది. చాప మీద అందరూ సర్దుకున్నారు. మనోరమ మెల్లగా వచ్చి పెంటమ్మ పక్కన కూర్చుంది. కాళ్ళు బారజాపుకుంది. ఆ పాదాలూ వాచే ఉన్నాయి.

ప్రహ్లాద్ ఇంకా గుమ్మంలోనే నిలబడ్డాడు. చివరికి, "మరి పిల్లలకు సాయంత్రం టిఫిను..." అన్నాడు.

మనోరమ దమయంతి చేతిలోంచి లడ్డూ తీసుకుంది.

"మూడైనంక వస్త. మీరు పోండ్రి."